కాలువ ఎర్రబడింది, పేరు రాసేయొచ్చా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్కూల్ పిల్లలవీ, వాళ్ల టీచర్లవీ. చుట్టుపక్కల నీళ్ల గురించి, చెత్త గురించి, పొగ గురించి తామే తిరిగి చూసి రాయాలనుకుంటున్నారు. చదువుతుంటే చాలా సంతోషమేసింది, అందుకే ఈ సంచిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: నమస్తే మేడమ్, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నా. మా స్కూల్ వెనకాల ఒక కాలువ ఉంది, కొన్ని రోజులు నీళ్లు ఎర్రగా వస్తాయి, వాసన కూడా వస్తుంది. పైన ఒక ఫ్యాక్టరీ ఉంది, అందరూ దాన్నుంచే అంటారు. మేం ఐదుగురం కలిసి రిపోర్ట్ రాస్తున్నాం. ఫ్యాక్టరీ పేరు రాసేయొచ్చా?

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర ఆగిపోయా. ఒకటి ‘కొన్ని రోజులు’, రెండోది ‘అందరూ అంటారు’. మొదటిది మీరు కళ్లతో చూసింది, రెండోది చెవిన పడింది. ఈ రెండూ కలిసిపోకుండా చూస్కుంటే మీ రిపోర్ట్ సగం నిలబడ్డట్టే.

ఒక నిజం కథ చెప్తా. 1995 ఆగస్టులో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో హెండర్సన్ అనే ఊరి దగ్గర, ఒక స్కూల్ పిల్లలు టీచరుతో కలిసి ఒక నీటి మడుగు చూడ్డానికి వెళ్లారు. కప్పల్ని పట్టుకుని చూస్తే ఒకదానికి కాలు సరిగా లేదు, ఏదో దెబ్బ తగిలి ఉంటుందిలే అనుకున్నారు. ఇంకోదానికీ అంతే, మరోదానికి ఎక్కువ కాళ్లు, అలా లెక్కపెట్టుకుంటూ పోతే పట్టుకున్నవాటిలో సగం దాకా అలాగే ఉన్నాయి. పిల్లలూ టీచరూ కలిసి ఆ రాష్ట్ర కాలుష్య నియంత్రణ అధికారులకి చెప్పారు, అక్కణ్ణుంచి శాస్త్రవేత్తలు దిగారు. మొదట్లో చాలామంది అనుమానం పొలాల్లో కొట్టే పురుగుమందుల మీదకే పోయింది. కానీ 1999లో వచ్చిన ఒక పరిశోధనలో నత్తల్లో పెరిగే ఒక పరాన్నజీవి తోకకప్పల్లోకి దూరితే అదనపు కాళ్లు వస్తాయని ల్యాబ్‌లో తేలింది. ఆ తర్వాత ఇంకో ముడి విడింది, ఎరువు కొట్టుకొచ్చిన నీళ్లలో నాచు పెరుగుతుంది, నాచు తిని నత్తలు పెరుగుతాయి, నత్తలతో పాటు ఆ పరాన్నజీవీ పెరుగుతుంది. అన్ని చోట్లా, అన్ని రకాల వైకల్యాలకీ ఇదొక్కటే కారణం అనడానికి కూడా లేదు.

ఇప్పుడు ఆలోచించు, ఆ పిల్లలు మొదటి రోజే ‘ఫలానా మందు వల్లే’ అని రాసి ఉంటే ఏమయ్యేది? వాళ్లు ఆ పని చెయ్యలేదు. ఇన్ని పట్టాం, ఇన్నిటికి ఇలా ఉంది, ఇదీ చోటు, ఇదీ రోజు, అంతే చెప్పారు. పెద్ద శాస్త్రవేత్తలకే ఏళ్లు పట్టిన కారణం పిల్లలు చెప్పలేకపోయినా వాళ్లు చూసిన దాని విలువ ఏమాత్రం తగ్గలేదు.

మీరు కూడా ఒక నోట్‌బుక్‌లో పేజీని మూడు భాగాలు చెయ్యండి. చూసింది, విన్నది, అనుకున్నది. చూసిన దాంట్లో ఎలా రాయాలంటే: మంగళవారం, ఉదయం 7:40, వంతెన దగ్గర, సీసాలో పట్టి తెల్ల కాగితం ముందు పెడితే తుప్పు రంగు, పది నిమిషాలు కదపకుండా పెడితే అడుగున మట్టి పేరుకోలేదు, నిన్నా మొన్నా వాన లేదు. వాన సంగతి తప్పకుండా రాయాలి, ఎందుకంటే ఎర్రమట్టి కొట్టుకొచ్చినా నీళ్లు ఎర్రగానే ఉంటాయి కదా, మట్టయితే కాసేపటికి చాలావరకు అడుక్కి చేరుతుంది, కరిగిన రంగు చేరదు. అలా కనీసం మూడు నాలుగు వారాలు, రోజూ ఒకే టైముకి. ఎర్రగా లేని రోజు కూడా రాయాలి, చాలామంది పిల్లలు ఇక్కడే తప్పు చేస్తారు, ఏమీ కనిపించని రోజు పేజీ ఖాళీగా వదిలేస్తారు, తర్వాత చూస్తే ఆ రోజు నీళ్లు బాగున్నాయా లేక మనమే వెళ్లలేదా అన్నది తెలీదు.

ఇంకో ముఖ్యమైన పని, ఆ ఫ్యాక్టరీకి ఎగువన ఒక చోటు, దిగువన ఒక చోటు ఎంచుకుని రెండు చోట్లా ఒకే రోజు చూడాలి. ఎగువన కూడా ఎర్రగా ఉంటే ఆ రంగు ఇంకెక్కణ్ణుంచో కూడా వస్తోందన్నట్టే. ఎగువన మామూలుగా ఉండి దిగువన మాత్రమే మారితే అప్పుడు మధ్యలో ఏమేం కలుస్తున్నాయో చూడాలి, ఒక్క పైపే అనుకోవద్దు, ఇళ్ల మురుగు కూడా కలుస్తూ ఉండొచ్చు.

ఇంతా అయ్యాక పేరు రాసే ముందు వాళ్లని అడగాలి. మీ హెడ్‌మాస్టర్ సంతకంతో ఉత్తరం పంపండి, మేం ఫలానా తేదీల్లో ఇది చూశాం, మీ నీళ్లు శుద్ధి చేసి ఎక్కడ వదుల్తారు అని. వారం పది రోజులు టైమివ్వండి. జవాబు వస్తే ఒక్క మాట మార్చకుండా వెయ్యండి, రాకపోతే ఏ తేదీన అడిగామో, ఏ తేదీ దాకా జవాబు రాలేదో రాయండి. అప్పుడు కూడా ‘ఫ్యాక్టరీ విషం వదులుతోంది’ అని రాయొద్దమ్మా. విషమా కాదా అన్నది ల్యాబ్ పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు. ‘ఈ పైపుకి ఎగువన రంగు లేదు, దిగువన ఇన్ని రోజులు ఉంది’ అని రాస్తే చాలు, దాన్ని కాదనడానికి ఎవరికైనా చాలా కష్టం.

ప్రశ్న: నేను సైన్స్ టీచర్ని. పిల్లలకి ఆసక్తి ఉంది కానీ మా దగ్గర పరికరాలు ఏమీ లేవు. ఊరికే చూసి రాస్తే ఎవరు నమ్ముతారు?

జవాబు: మాస్టారూ, పరికరాలు లేకపోవడం అంత పెద్ద అడ్డంకి కాదు, నమ్మండి. 1865లో ఏంజెలో సెక్కి అనే ఇటలీ శాస్త్రవేత్త సముద్రపు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తెలుసుకోవడానికి ఒక తెల్లటి పళ్లెం లాంటి బిళ్లని తాడు కట్టి నీళ్లలోకి దించాడు, ఎంత లోతులో కనిపించకుండా పోతే అంత తేట. ఇవాళ్టికీ చెరువుల్లో, సరస్సుల్లో వాడేది అదే, 20 సెంటీమీటర్ల బిళ్ల, నాలుగు భాగాలు చేసి రెండు నలుపు, రెండు తెలుపు. మీ పిల్లలే చేసుకోవచ్చు, కింద ఒక బరువు కట్టి, తాడుకి ప్రతి పది సెంటీమీటర్లకి ఒక ముడి వేస్తే సరి. దించుతూ పోయి మాయమైన చోట లోతు రాసుకోవాలి, మెల్లగా పైకి లాగుతూ మళ్లీ కనపడిన చోట రాసుకోవాలి, రెండిటి సగటు తీసుకోవాలి. ఎండ తళుక్కుమనకుండా నీడ పడే వైపు నుంచి చూడాలి. మొదటిసారి ఇద్దరు పిల్లలు చెరో లోతు చెప్తారు, పోట్లాడుకుంటారు కూడా, అది మంచిదే, అప్పుడే ముగ్గురి చేత కొలిపించి సగటు ఎందుకు తియ్యాలో వాళ్లంతట వాళ్లకే అర్థమవుతుంది. ఇది లోతు ఉండి నీళ్లు కదలకుండా ఉన్న చోటే పనికొస్తుంది, పారే చిన్న కాలువలో పనికిరాదు.

పారే నీళ్లలో అయితే రాళ్లు తిప్పి చూడమనండి. మేఫ్లై లాంటి పురుగుల పిల్లలకి బాగా ఆక్సిజన్ ఉన్న నీళ్లు కావాలి, కాబట్టి అవి దండిగా కనిపిస్తే మంచి గుర్తు. సన్నటి ఎర్ర పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే ఆక్సిజన్ తక్కువైందేమో అని అనుమానించాలి, వాటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హీమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ తక్కువైనా తట్టుకుంటాయి. పిల్లలకి ఇది చూపిస్తే మర్చిపోరు. టైము విషయం మాత్రం జాగ్రత్త సార్, నీళ్లలో ఆక్సిజన్ సాధారణంగా తెల్లవారుజామున బాగా తక్కువగా ఉంటుంది, ఎందుకంటే రాత్రంతా నాచూ మొక్కలూ ఆక్సిజన్ వాడుకుంటాయి గానీ వెలుతురు లేక తయారు చెయ్యలేవు. ఒకరు పొద్దున్న, ఒకరు మధ్యాహ్నం కొలిచి పోలిస్తే లెక్క తప్పుతుంది.

చవగ్గా దొరికే టీడీఎస్ మీటర్ల గురించి కూడా చెప్పాలి. అది నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో అంచనా వేస్తుంది, సూక్ష్మక్రిములు ఉన్నాయా లేదా అన్నది దానికి తెలీదు. తక్కువ అంకె చూసి ‘తాగడానికి పనికొస్తాయి’ అని పిల్లలు రాస్తే వెంటనే దిద్దండి. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్‌లూ అంతే, ఒకే ఫోన్‌తో రెండు చోట్లని పోల్చుకోవడానికి పర్లేదు, ఆ అంకె పట్టుకుని రూల్ దాటారు అని తీర్పు చెప్పడానికి కాదు. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ లెక్క కూడా మామూలు కొలత కాదు, పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లు పెరిగినట్టు.

ఏ అంకెనైనా దేంతో పోలుస్తున్నారో రాయించండి, ఆ ప్రమాణం ఏ సంవత్సరానిదో కూడా. గాల్లో సన్నటి ధూళి, అదే పీఎం 2.5 ఉంది కదా, దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన వార్షిక సగటు పరిమితి 2021 దాకా ఘనపు మీటరుకి 10 మైక్రోగ్రాములు, ఆ ఏడాది దాన్ని 5కి తగ్గించారు. పాత పుస్తకం చూసి రాస్తే అదే గాలి ‘బాగుంది’ అనిపించేస్తుంది.

ఇక నమ్మకం సంగతి. గ్లోబ్ అనే కార్యక్రమం 1995 నుంచి నడుస్తోంది, వందకి పైగా దేశాల స్కూల్ పిల్లలు ఒకే పద్ధతిలో వానా, ఉష్ణోగ్రతా, నీళ్లూ కొలిచి ఒకే చోట నమోదు చేస్తున్నారు. అంతా ఒకే పద్ధతిలో కొలుస్తారు, ఎలా కొలిచారో రాసి పెడతారు, అందుకే పిల్లల లెక్కలైనా శాస్త్రవేత్తలకి పనికొస్తున్నాయి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఈ రిపోర్ట్ అంటూ తిరుగుతున్నాడు. చదువు సంగతి అటుంచండి, ఎవరైనా బెదిరిస్తే? నాకు భయంగా ఉందండి.

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే, నేను కొట్టిపారెయ్యను. స్కూల్ వాళ్లతో కూర్చుని కొన్ని విషయాలు గట్టిగా మాట్లాడుకోండి. పిల్లలు ఒంటరిగా వెళ్లకూడదు, పెద్దవాళ్లు ఒకరు తప్పనిసరి. నీళ్లలో దిగకూడదు, ఒడ్డు నుంచే సీసాకి తాడు కట్టి తీసుకోవాలి, చేతికి గ్లోవ్స్ ఉండాలి. ఎవరి ప్రహరీ లోపలికీ పర్మిషన్ లేకుండా వెళ్లకూడదు, చెత్త కాలుతున్న చోట దగ్గరగా నిలబడకూడదు. ఎవరైనా అరిస్తే వాదించకుండా వచ్చేసి టీచరుకి చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఉత్తరాలు, ప్రశ్నలు స్కూల్ పేరు మీద పోవాలి, పిల్లాడి ఫోన్ నంబరు మీద కాదు. ఎవరి మీదైనా ఆరోపణ ఉన్న రిపోర్ట్ అయితే పిల్లల పేర్లు లేకుండా తరగతి పేరుతో వేసినా తప్పు లేదు.

ఒక్క మాట మాత్రం అబ్బాయి తరఫున. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం పిల్లలకి సంబంధించిన విషయాల్లో వాళ్ల మాట వినాలంటుంది, 13వది సమాచారం వెతుక్కునే, పంచుకునే హక్కు వాళ్లకుందంటుంది. మీరు వద్దంటే బహుశా మానేస్తాడు. ఒకసారి ఆ నోట్‌బుక్ చూపించమని అడగండి, చూశాక మీరే నిర్ణయించుకోండి.

ప్రశ్న: చెత్తకుప్ప ఫొటోలు తీస్తున్నాం. ఇంకా బాగా కనపడాలని సంచులు కొంచెం ఒకచోటికి లాగాం. పర్వాలేదా? – ఎనిమిదో తరగతి విద్యార్థులు

జవాబు: వద్దు నాన్నా, ఆ ఫొటో తీసెయ్యండి. మీరు లాగిన రెండు సంచుల వల్ల నిజంగా ఉన్న రెండు వందల సంచుల్ని కూడా అబద్ధం అంటారు. ఉన్నది ఉన్నట్టు తియ్యండి, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి, పక్కన స్కేలో చెప్పో ఏదో ఒకటి కనపడితే ఎంత పెద్దదో తెలుస్తుంది. వారం తర్వాత అదే చోట నిలబడి అదే వైపు మళ్లీ తియ్యండి. అక్కడ చెత్త ఏరుకునేవాళ్లు ఉంటే వాళ్లని అడక్కుండా మొహాలు తియ్యొద్దు, చిన్నపిల్లలుంటే అసలే వద్దు. వాళ్లతో మాట్లాడండి మాత్రం, ఆ కుప్పలో ఏ రోజు ఏం పడుతుందో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

ప్రశ్న: మేం రిపోర్ట్ రాసి స్కూల్ గోడ మీద పెట్టాం మేడమ్, అందరూ బాగుందన్నారు, అంతే, ఏమీ జరగలేదు. ఇప్పుడేం చెయ్యాలి?

జవాబు: మీ బాధ నాకు తెలుసు. నేను రిపోర్టర్‌గా చేరిన కొత్తలో ఒక చెరువు గురించి నెల తిరిగి రాశా, అచ్చయింది, ఎవరూ కదల్లేదు, చాలా రోజులు నిద్ర పట్టలేదు. తర్వాత ఒక సీనియర్ చదివి అడిగారు, ఇందులో ఎవర్ని ఏం చెయ్యమని అడిగావు అని. చూస్తే నేను ఎవర్నీ ఏమీ అడగలేదు, ‘అధికారులు స్పందించాలి’ అని చివర్లో ఒక వాక్యం రాసి ఊరుకున్నా. ఏ అధికారి? ఏం చెయ్యాలి? ఎప్పటికి?

పర్యావరణం మీద రాసే పిల్లల కోసం యంగ్ రిపోర్టర్స్ ఫర్ ది ఎన్విరాన్‌మెంట్ అని ఒక అంతర్జాతీయ కార్యక్రమం ఉంది. వాళ్ల పద్ధతిలో సమస్యని తవ్వడం, పరిష్కారం వెతకడం, రాయడం, జనంలోకి తీసుకెళ్లడం అని నాలుగు మెట్లున్నాయి. మీరు మొదటిదీ మూడోదీ చేశారు, రెండోది దాటేశారు, నాలుగోది గోడ దగ్గరే ఆగింది.

కాబట్టి మళ్లీ మొదలుపెట్టండి. ఇలాంటి సమస్య ఇంకెక్కడైనా తగ్గిందా, ఎలా తగ్గింది, మన దగ్గర అది కుదురుతుందా అని వెతకండి. తర్వాత రిపోర్ట్‌ని ఒక్క పేజీకి కుదించి, ఆ పని నిజంగా ఎవరి చేతిలో ఉందో కనుక్కుని ఆ ఒక్కరికే పంపండి, పది మందికి పంపితే పది మందీ మిగతా తొమ్మిది మంది చూస్కుంటారనుకుంటారు. అడిగేది ఒక్కటే ఉండాలి, చిన్నది ఉండాలి. చెత్త సమస్య మొత్తం తీర్చండి అంటే ఎవరూ చెయ్యలేరు, స్కూల్ గేటు పక్కన మూత ఉన్న డబ్బా పెట్టి రెండ్రోజులకోసారి తీస్తారా అంటే అవును, కాదు అని చెప్పక తప్పదు. ఇచ్చినప్పుడు కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. నెల తర్వాత అదే కాపీ పట్టుకుని మళ్లీ వెళ్లండి, ఈలోపు మీ నోట్‌బుక్‌లో లెక్క ఆపొద్దు, రెండోసారి వెళ్లేటప్పుడు కొత్త అంకెలు కావాలి కదా.

పదో తరగతి వాళ్లు స్కూల్ వదిలి వెళ్లేలోపు ఆ నోట్‌బుక్‌ని తొమ్మిదో తరగతి వాళ్ల చేతిలో పెట్టండి. ఏ వంతెన దగ్గర నిలబడి, ఏ టైముకి, ఎలా కొలిచారో మొదటి పేజీలో రాసి ఇవ్వండి.