ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంప ముక్కలు కరకరలాడాలంటే

ఓవెన్‌లో బంగాళాదుంప వెడ్జెస్ చేయబోతే 180 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచినా పైన తోలులా సాగి, లోపల ముద్దగా మిగిలాయని మీరు రాశారు. పాలకొల్లు దగ్గరి పల్లెటూళ్లో, ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్‌తో, నేనూ ఏడాదిపాటు ఇదే అవస్థ పడ్డాను. వేడి చాలలేదేమోనని పెంచితే అంచులు మాడేవి. నూనె చాలలేదేమోనని పెంచితే ముక్కలు జిడ్డు కారేవి. లోపమంతా ఓవెన్‌లో పెట్టకముందే జరిగిపోతోందని నాకు అర్థమైంది మాత్రం ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఒకావిడ పక్కన కూర్చున్నప్పుడు.

ఆవిడ పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్కసారి లాగుతుంది. జావ కుండకు అంటుకోగానే ఉడుకుతుంది, మరుక్షణం అందులోని నీరు ఆవిరైపోతుంది, పల్చటి రేకు లేచి వస్తుంది. కరకర అంటే ఇంతే: ఉడికిన పిండి పల్చటి పొరగా పరుచుకొని, దానిలోని తడి పూర్తిగా పోవాలి. పచ్చి దుంపను కోసి నూనె రాసి పెడితే ఆ పొర సరిగా ఏర్పడదు. కోసిన ముఖం నున్నగా ఉంటుంది, లోపలి నీరు ఊరుతూనే ఉంటుంది, ముక్క తన ఆవిరిలో తానే ఉడుకుతుంది. కాబట్టి ముందు ఉడికించాలి, ముఖాన్ని గరుకు చేయాలి, ఆరబెట్టాలి. ఓవెన్ పని ఆ తర్వాతే.

ముగ్గురికి 750 గ్రాముల దుంపలు సరిపోతాయి. తొక్క తీయనక్కర్లేదు గాని మట్టి పోయేలా పీచుతో రుద్ది కడిగి, ఒక్కో దుంపను నిలువుగా ఎనిమిది చెక్కలు చేయండి. 2 లీటర్ల నీళ్లలో రెండు చెంచాల ఉప్పు, అర చెంచా వంట సోడా వేసి మరిగించి, ముక్కలు వేసి, మళ్లీ తెర్లడం మొదలైన దగ్గర్నుంచి 7 లేదా 8 నిమిషాలు ఉంచండి. శనగలు ఉడకడానికి చిటికెడు సోడా వేయడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఇక్కడా అదే పని చేస్తుంది, దుంప పైపొరలో కణాలను పట్టి ఉంచే బంక కరిగి ముఖం మెత్తబడుతుంది. మీది పప్పు ఉడకని బోరు నీరైతే సోడా మానవద్దు, ఎందుకంటే ఆ నీటిలోని సున్నం ముక్కను బిగదీస్తుంది.

అన్నం వార్చినట్టు వార్చి, గిన్నె మూతపెట్టి రెండుసార్లు గట్టిగా కుదపండి. మూత తీసి చూస్తే అంచులు చెదిరి, ముఖాలు పిండి రాసుకున్నట్టు గరుకుగా కనిపించాలి. నున్నగా మెరుస్తుంటే ఇంకోసారి కుదపాలి. పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్యాను కింద పది నిమిషాలు వదిలితే ఆవిరి లేవడం ఆగి, మెరుపు పోయి, ముఖం సున్నం వేసిన గోడలా పాలిపోతుంది. అప్పుడు పెద్ద చెంచాతో మూడు చెంచాల వేరుశనగ నూనె, ఒక చెంచా బియ్యప్పిండి వేసి చేత్తో మెల్లగా కలపండి. మా దగ్గర వర్షాకాలంలో గాలిలోనే తడి ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో ఇరవై నిమిషాలు ఆరబెడతాను.

ఓవెన్‌లో పైకడ్డీ, కిందికడ్డీ రెండూ వేసి, ట్రేను లోపలే ఉంచి 220 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. ముక్క పెట్టగానే దోశ పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్యిమనాలి. కోసిన ముఖం ట్రేకు ఆనేలా, ముక్కకూ ముక్కకూ వేలెడు సందు ఉండేలా పరచండి. పట్టకపోతే రెండు విడతలుగా చేయండి గాని ఇరికించవద్దు. 20 నిమిషాల దాకా కదపకూడదు. పొర గట్టిపడితే ముక్క తనంతట తానే ట్రేను వదులుతుంది, అంటుకునే ఉందంటే ఇంకా కాలలేదన్నమాట. రెండో వైపు తిప్పి మరో 15 నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

ఇంతా చేసినా మా ఇంట్లో సాయంత్రం పూట సరిగా కాలేవి కావు. కారణం వోల్టేజీ. 230 వోల్టులు ఉండాల్సిన చోట 200 మాత్రమే వస్తే కడ్డీ ఇచ్చే వేడి సుమారు ముప్పావు వంతుకు పడిపోతుంది. ఓవెన్ మీట 220 డిగ్రీల దగ్గర పెట్టినా లోపల అంత వేడి చేరడానికి చాలాసేపు పడుతుంది, తలుపు తీసిన ప్రతిసారీ మళ్లీ వెనక్కి పోతుంది. అందుకే ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికే చేస్తున్నాను.

దుంప ఎంపిక గురించి మీరు అడగలేదు గాని, సగం ఫలితం దాని మీదే ఉంటుంది. మన డెల్టాలో వరి, కొబ్బరి, అరటి, కంద పండుతాయి. బంగాళాదుంప మాత్రం ఎక్కువగా ఉత్తరాది నుంచే లారీల్లో రావాలి. చలికాలం చివర తవ్విన పంటను శీతల గిడ్డంగుల్లో పెట్టి నెలల తరబడి అమ్ముతారు. బాగా చల్లగా ఉంచిన దుంపలో పిండి కొంత చక్కెరగా మారుతుంది, అందుకే కొన్ని దుంపలు తియ్యగా ఉండి, లోపల కాలకముందే పైన నల్లబడతాయి. అలాంటివి బుట్టలో, వెలుతురు తగలని చోట వారం పది రోజులు ఉంచితే కొంత మెరుగవుతాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు. పిండి ఎక్కువున్న దుంపను గుర్తించడానికి 11 గ్లాసుల నీళ్లలో ఒక గ్లాసు ఉప్పు కరిగించి దుంపలు వేసి చూడండి: మునిగినవి ఓవెన్‌కు, తేలినవి కూరకు. తేలిన రకం ముక్క చెదరదు గనుక కూరలో అదే బాగుంటుంది.

కారం, వెల్లుల్లి పొడి, మిరియాలు ముందే వేస్తే ఆ వేడికి మాడి చేదెక్కుతాయి. దించగానే, నూనె ఇంకా మెరుస్తుండగా, మెత్తని ఉప్పుతోపాటు చల్లి కలపండి. వడ్డించేటప్పుడు మూత పెట్టవద్దు, రెండు నిమిషాల్లో ఆవిరి కమ్మి మెత్తబడతాయి. మిగిలినవాటిని మైక్రోవేవ్‌లో కాకుండా మళ్లీ ఓవెన్‌లోనే 200 డిగ్రీల దగ్గర ఆరేడు నిమిషాలు ఉంచితే పొర తిరిగి బిగుస్తుంది.