చందమామ పక్కన సబ్బు యాడ్ వస్తుందా?

ప్రశ్న: సార్, ఈమధ్య రాకెట్ల మీద కంపెనీల పేర్లు తెగ కనిపిస్తున్నాయి. రేపు రాత్రిపూట తలెత్తితే చందమామ పక్కనే సబ్బు యాడ్ కనిపిస్తుందా? కనిపిస్తుందని మావాడు పందెం కాశాడు, నేను ఛాన్సే లేదన్నాను. మీరే తేల్చాలి.

జవాబు: పందెం కాసేముందు ఒక ముక్క అడగాల్సిందండీ, సగం మీవాడే గెలిచాడు! స్పేస్‌లో యాడ్లు ఎప్పుడో మొదలయ్యాయి. 1996లో రష్యా వ్యోమగాములు మీర్ అనే తమ స్పేస్ స్టేషన్ బయటికొచ్చి పెద్ద పెప్సీ డబ్బా బొమ్మతో షూటింగ్ చేశారు, 2000లో పిజ్జా హట్ వాళ్లు ప్రోటాన్ రాకెట్ మీద లోగో వేయించుకున్నారు, అది చాలదన్నట్టు మరుసటేడాది ఇప్పుడున్న అంతర్జాతీయ స్పేస్ స్టేషన్‌కి ఏకంగా పిజ్జానే పంపారు. పైకెళ్తే నాలుకకి రుచి సరిగ్గా తెలీదు కాబట్టి దాంట్లో ఉప్పూ మసాలా కాస్త ఎక్కువే దట్టించారట.

కానీ ఇవన్నీ కెమెరా కోసం చేసినవే, కింద ఉన్నవాళ్లు చూసింది టీవీలోనే. మీ పందెం మామూలు కంటికి కనిపించే యాడ్ గురించి కదా, అక్కడే వస్తుంది చిక్కు. ఈ అంతర్జాతీయ స్పేస్ స్టేషన్ పొడవు 109 మీటర్లు, తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, అంత పెద్దది కూడా మన కంటికి కదిలే చుక్కే. అంటే ఆ ఎత్తులో ఒక్క అక్షరం చదవాలన్నా అది కనీసం అర కిలోమీటరు ఉండాలి, మన తెలుగు అక్షరాల వంపులకైతే ఇంకా పెద్దది కావాలి, 'క్ష' రాయించాలనుకునే కంపెనీ దివాలా తీయడం ఖాయం. పోనీ అంత ఖర్చూ పెట్టారే అనుకుందాం, అది గంటన్నరకోసారి భూమి చుట్టూ తిరిగేస్తుంది, మన నెత్తి మీద ఉండేది ఐదారు నిమిషాలు, అదీ పొద్దుగూకాకో తెల్లవారేముందో, ఎందుకంటే కింద చీకటిగా ఉండాలి, పైన దానిమీద ఎండ పడుతూ ఉండాలి. మబ్బు పట్టిందా, డబ్బులు గోవిందా. కదలకుండా ఒకేచోట ఉండాలంటే టీవీ శాటిలైట్లు ఉండే 35,786 కిలోమీటర్ల ఎత్తుకి పోవాలి, అక్కడ చందమామంత కనిపించాలంటే బోర్డు వెడల్పే 300 కిలోమీటర్లు దాటాలి!

అయినా ఆశ ఊరుకోదు కదా. 1993లో అమెరికాలో స్పేస్ మార్కెటింగ్ అనే కంపెనీ కిలోమీటరు పొడవున మైలార్ అనే పల్చటి ప్లాస్టిక్ షీటుతో బిల్‌బోర్డ్ ఎగరేస్తామంది, పెద్ద గొడవైంది, అది ఎగరనేలేదు. 2019లో రష్యాలో స్టార్ట్‌రాకెట్ వాళ్లు ఇంకాస్త తెలివిగా ఆలోచించారు, ఎలాగూ చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తెరచాపల్లాంటి రేకులున్న బుల్లి శాటిలైట్లని వరసగా పేర్చి, ముగ్గు చుక్కల్లాగా లోగో గీస్తామన్నారు. నన్నడిగితే ఎప్పటికైనా ఎవరో ఒకరు ఈ దారిలోనే వస్తారు. అమెరికా చట్టమైతే టెలిస్కోప్ లేకుండా కంటికి కనిపించే యాడ్ పంపడానికి లాంచ్ లైసెన్స్ ఇవ్వొద్దంటుంది, రాకెట్ మీద లోగోకి మాత్రం అడ్డు చెప్పదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందంలో యాడ్ల ఊసే లేదు, ప్రైవేటు కంపెనీ ఏం చేసినా బాధ్యత దాని దేశానిదే అని మాత్రం ఉంది. అంటే వేరే దేశం నుంచి ఎవరైనా పంపితే ఆపే గట్టి రూల్ లేనట్టే, ఆస్ట్రానమీ వాళ్లు మొత్తుకునేది కూడా అందుకే, అసలే శాటిలైట్ల గీతలతో వాళ్ల ఫొటోలు పాడవుతున్నాయి.

ప్రశ్న: మరి లేజర్ కొట్టి చందమామ మీదే పేరు రాసేస్తే పోలా?

జవాబు: ఇది రెండో పందెమా? 1969లో అపోలో 11 వాళ్లు అక్కడ వదిలొచ్చిన అద్దాల మీదకి సైంటిస్టులు ఇప్పటికీ లేజర్ కొడుతూనే ఉన్నారు. అక్కడికి చేరేసరికి ఆ వెలుగు కిలోమీటర్ల మేర పరుచుకుపోతుంది, తిరిగొచ్చే కాస్త వెలుగుని పట్టుకోవడానికే పెద్ద టెలిస్కోప్ కావాలి, ఇంక కంటికేం కనిపిస్తుంది చెప్పండి. కనిపించదని మాత్రం నిక్షేపంగా పందెం కాసుకోండి, ఓడిపోరు.