సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తూ దారిలో బొమ్మలు వేయాలంటే సామాను ఎలా సర్దుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: హైదరాబాద్‌లో రానూ పోనూ 20 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతున్నారు, దారిలో ఓ అరగంట ఆగి వాటర్‌కలర్‌తో బొమ్మ వేసుకోవాలనుంది. కానీ వీపు మీది బ్యాగు చెమటకు తడుస్తోంది, డబ్బాలోంచి రంగు బిళ్లలు ఊడి వస్తున్నాయి, ఇంకు పెన్ను కారుతోంది.

ఈ మూడింటిలో చివరి రెండింటికీ వేరే కారణాలూ ఉన్నాయి, సైకిల్ అదురు వాటిని ఇంకా పెంచుతుంది. వాన గురించి అందరూ జాగ్రత్త పడతారు, అదురు సంగతి ఎవరూ పట్టించుకోరు. కాబట్టి ముందు టైర్లు చూడండి. రోడ్డు పక్క షాపులో గాలి పట్టమంటే రాయిలా కొట్టేసి పంపుతారు. 26 బై 1.95 టైరు, మనిషి బరువు 70 కేజీల దాకా అయితే వెనక 45, ముందు 40 పీఎస్‌ఐ చాలు. టైరు అంచు మీద ఎంత నుంచి ఎంత దాకా అని రాసి ఉంటుంది, ఆ హద్దులో ఉంటే సరి. మరీ తగ్గించినా తిప్పలే, గుంటలో పడ్డప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి.

బరువు వీపు మీద వద్దు, వెనక క్యారియర్ మీద పెట్టండి. కొనే ముందు ఫ్రేమ్ చూడండి: వెనక చక్రం యాక్సిల్ దగ్గర అటొకటి ఇటొకటి, సీటు కింద మరో రెండు, మర ఉన్న రంధ్రాలు ఉండాలి. అవి లేకపోతే సీటు రాడ్డుకి బిగించే క్యారియర్ ఒక్కటే దారి. అది ఎక్కువ బరువు ఆపదు, మలుపుల్లో పక్కకి తిరుగుతుంది కూడా. డిస్క్ బ్రేకు సైకిలైతే క్యారియర్ కాలు కాలిపర్‌కి (బ్రేకు ప్యాడ్లుండే భాగానికి) తగలకుండా మధ్యలో చిన్న గొట్టం ముక్క పెట్టి, పొడవాటి బోల్టు వేయించాలి. బోల్టులు మామూలు నట్లతో బిగిస్తే రెండు వారాల్లో వదులవుతాయి. లోపల నైలాన్ రింగున్న నట్లు అడిగి వేయించుకోండి.

పక్కకి వేలాడే సంచీ ఒక్కటే అయితే ఎడమవైపు తగిలిస్తే మేలు, కుడివైపు బస్సులూ ఆటోలూ రాసుకుంటూ పోతాయి కాబట్టి. ఇందులో ఓ చిక్కుంది: సైడు స్టాండు కూడా ఎడమవైపే. నిండు సంచీతో స్టాండు వేస్తే సైకిల్ ఎడమకి ఒరిగి పడుతుంది. ముందు సంచీ తీసి కింద పెట్టి ఆ తర్వాతే స్టాండు వేయండి. సంచీ కొంచెం వెనక్కి జరిపి తగిలించండి, లేదంటే తొక్కేటప్పుడు మడమ తగులుతుంది. ల్యాప్‌టాప్ నిలువుగా, చక్రం వైపు, కింద రెండు వేళ్ల మందం స్పాంజితో. బొమ్మల సామాను దానికి ఇవతల.

ఇక రంగుల డబ్బా. పాత రేకు జామెట్రీ బాక్సు కంటే మంచిది నాకు కనబడలేదు. లోపలి ప్లాస్టిక్ ట్రే తీసేసి, మూత లోపల తెల్ల ఎనామెల్ రెండు పూతలు వేస్తే అదే కలుపుకునే పళ్లెం. ఖాళీ హాఫ్ పాన్‌లు, అంటే రంగు పోసుకునే చిన్న ప్లాస్టిక్ గిన్నెలు, ఆరు చాలు: నిమ్మ పసుపు, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, క్రిమ్సన్, అల్ట్రామెరైన్, ప్రష్యన్ బ్లూ. నలుపు అక్కర్లేదు. మన ఊరి గ్రానైట్ గుట్టలకి కావలసిన బూడిద రంగులన్నీ అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే వస్తాయి. సియెన్నా పెరిగితే ఎండ పడ్డ రాయి, నీలం పెరిగితే దాని నీడ.

బిళ్లలు ఊడటానికి కారణం ట్యూబు రంగును ఒకేసారి నిండా పోయడం. పైన తోలు కడుతుంది, లోపల ఆరుతూ కుంచించుకుని గోడ వదిలేస్తుంది. ముందు సగం పోయండి, ఒక్క చుక్క గ్లిజరిన్ వేసి పళ్లపుల్లతో కలిపి బుడగలు తీయండి, రెండు రోజులు ఆరనివ్వండి, తర్వాత మిగతా సగం. గ్లిజరిన్ రెండు చుక్కలైతే మాత్రం వానాకాలంలో రంగు బంకలా ఉండిపోయి మూతకి అంటుతుంది. పాన్ అడుగున అయస్కాంతం షీటు ముక్క అతికిస్తే రేకు డబ్బాకి పట్టుకుని కదలదు. ఫ్రిజ్ మీద అంటించే ప్రకటన బిళ్లలు కత్తిరించినా సరిపోతుంది.

పెన్ను కారడం వేరే లెక్క. మీది రాజమండ్రి రత్నం పెన్నులాంటి, ఒంట్లోకే నేరుగా ఇంకు పోసే ఐడ్రాపర్ రకమని అనుకుంటున్నాను. ఇంకు సగానికి తగ్గాక లోపల గాలి పెరుగుతుంది, ఎండకో చేతి వేడికో ఆ గాలి వ్యాకోచించి ఇంకును పాళీ వైపు తోస్తుంది. నిండుగానైనా ఉంచండి, ఖాళీగానైనా ఉంచండి, సగం వద్దు. సంచీలో పాళీ పైకి ఉండాలి, చేతి రుమాలులో చుట్టి. రంగు వేస్తే చెదరని గీత కావాలని ఇండియన్ ఇంకు మాత్రం పోయకండి. అందులోని లక్క ఎండి పెన్ను పూడుకుపోతుంది. ఫౌంటెన్ పెన్ను కోసమని రాసి ఉన్న పిగ్మెంట్ ఇంకు తీసుకుని, రోజూ వాడండి. వారం వాడకపోతే కడిగి పెట్టాల్సిందే.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువున్న మందపాటిది). 22 బై 30 అంగుళాల పెద్ద షీటును అటు నాలుగు ఇటు నాలుగుగా కోస్తే ఐదున్నర బై ఏడున్నర అంగుళాల ముక్కలు 16 వస్తాయి. కట్టిన పుస్తకం కంటే విడి ముక్కలే నయం, తడి ఆరకముందే పేజీ మూయాల్సిన పని ఉండదు. ఫ్లెక్సీలు వేసే షాపులో 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ ఫోమ్ అట్ట) ముక్కలు దొరుకుతాయి. రెండింటిని కాగితం కంటే అంగుళం పెద్దగా కోయించుకోండి. ఒకదాని మీద క్లిప్పులతో కాగితం. ఆఫీసు టైమైపోతోందనుకుంటే నాలుగు మూలలా రబ్బరు ముక్కలు పెట్టి పైన రెండో బోర్డు మూసి, రెండు రబ్బరు బ్యాండ్లు వేయండి. తడి బొమ్మ దేనికీ తగలకుండా ఇల్లు చేరుతుంది.

నీళ్లకి ఖాళీ దగ్గుమందు సీసా చాలు, 100 మిల్లీలీటర్లది. తాగే సీసాలో బ్రష్ ముంచకండి. ఒకసారి ముంచితే అలవాటైపోతుంది.

దిగగానే గీయడం మొదలుపెట్టొద్దు. హ్యాండిల్ అదురుకి చిటికెన వేలి వైపు చెయ్యి మొద్దుబారి ఉంటుంది, సన్న గీత వణుకుతుంది. ఐదు నిమిషాలు నీళ్లు తాగి చెమట ఆరనిచ్చి, పెన్సిల్‌తో పెద్ద ఆకారాలు మాత్రం వేసుకోండి. నీడల అంచులు అప్పుడే గుర్తుపెట్టండి, పొద్దున ఏడు గంటల నీడ ఏడున్నరకి అక్కడ ఉండదు. అరచేయి కింద విడి కాగితం ఒకటి వేసుకోండి. చెమటే కాదు, చేతికి రాసుకున్న సన్‌స్క్రీన్ అంటినా, చైను ఆయిల్ అంటినా ఆ చోట కాగితం రంగు పట్టదు, తామరాకు మీద నీటిచుక్కలా జారిపోతుంది. పంక్చర్ వేసుకోవాల్సి వస్తే చేతికి పల్చటి గ్లౌజులు వేసుకోండి. ఇంకో మాట, పంక్చర్ కిట్‌లోని గరుకు కాగితం పెన్సిల్ మొన చెక్కడానికి బాగా పనికొస్తుంది. టైరులో దిగిన సన్న తీగ ముక్కలు లాగడానికి పట్టకారు కూడా అందులోనే వేసుకోండి. వేలికి తగలనంత చిన్న తీగే కొత్త ట్యూబునీ మళ్లీ పొడిచేది.

కూర్చోవడానికి స్టూలు మోయకండి. బోర్డును క్యారియర్ మీద సాగే తాడుతో బిగించి నిలబడే వేయండి. సైకిల్ మీ చేతి కిందే ఉంటుంది, తాళం బెంగ లేదు. కుతుబ్‌షాహీ సమాధుల్లాంటి చోట సైకిల్ బయట వదలాల్సొస్తే మాత్రం సన్న కేబుల్ తాళం నమ్మొద్దు. యూ ఆకారపు ఇనుప తాళంతో వెనక చక్రం, ఫ్రేమ్, స్తంభం మూడూ కలిపి వేయండి. మొదట్లో మొజంజాహీ మార్కెట్ ప్రయత్నించండి. 1935 నాటి గ్రానైట్ కట్టడం, తోరణాలు పెద్దవి, పొద్దున షాపులు తెరవకముందు రద్దీ తక్కువ. మీరు మాత్రం నీడలో నిలబడండి. ఎండలో తెల్ల కాగితం కళ్లు చెదరగొడుతుంది, రంగు ఎంత ముదురో తెలియక మరీ ముదురుగా వేసేస్తారు, ఇంటికెళ్లి చూస్తే బొమ్మ నల్లబడినట్టుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో పూత వేస్తుండగానే ఆరి అంచులు గట్టిపడతాయి. ఆకాశంలాంటి పెద్ద జాగాకి ముందు మంచినీళ్లు రెండుసార్లు పూసి, పెద్ద బ్రష్‌తో ఒక్క ఊపులో వేయండి. వానాకాలంలో ఇందుకు తలకిందులు, ఇరవై నిమిషాలైనా ఆరదు. ఆ నాలుగు నెలలూ ఇంకు గీతతో ఆపేసి రంగు ఇంటి దగ్గర వేసుకోవడం మంచిది. విడి కాగితాలు జిప్ కవరులో, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. చెమ్మ పడితే కాగితం మీది జిగురు పూత పాడై, రంగు అద్దుడు కాగితం మీద పడ్డట్టు చుక్కలు చుక్కలుగా పీల్చుకుంటుంది. అలాంటి ముక్కలు పారేయక్కర్లేదు, పెన్సిల్ పనికి వాడేయండి.