గాడ్జిల్లా పేరా మళ్ళీ రాయి

అమ్మాయీ,

నీ వ్యాసం వాట్సాప్‌లో వచ్చిన రాత్రే చదివాను. జవాబు రాయడానికి మాత్రం పన్నెండు రోజులు పట్టింది. ఫోన్లో చెబితే ఐదు నిమిషాల్లో తేలిపోయేదే. కానీ ఫోన్లో అయితే నువ్వు ప్రతిదానికీ "సరే మాస్టారూ" అంటావు, ఏం చెప్పానో మర్నాటికి ఇద్దరికీ గుర్తుండదు. అందుకే కాగితం మీద పెట్టాను. మా మనవడు టైపు చేసి పంపిస్తాడు, తప్పులుంటే వాణ్ణి తిట్టు.

"నాకు నచ్చిన పది క్లాసిక్ సైన్స్ ఫిక్షన్ సినిమాలు" అని పేరు పెట్టావు. పది సినిమాలు, పది పేరాలు. ఒక్కో దాంట్లో దర్శకుడి పేరు, సంవత్సరం, రెండు లైన్ల కథ, చివర ఒక పొగడ్త. "దృశ్యకావ్యం" అన్న మాట నాలుగు చోట్ల ఉంది. "కాలం కంటే ముందున్న సినిమా" మూడు చోట్ల. తప్పు మాటలని కాదు. ఏ పేరాలోనైనా సినిమా పేరు కొట్టేసి ఇంకో సినిమా పేరు రాస్తే పేరా చెక్కుచెదరదు, శుభలేఖలో వధూవరుల పేర్లు మార్చినట్టు ఉంటుంది. అదీ నా ఫిర్యాదు.

ఒక్కచోట మాత్రం నువ్వు కనబడ్డావు. గాడ్జిల్లా అనే రాక్షస జంతువు సినిమా దగ్గర. "నిజం చెప్పాలంటే, రబ్బరు సూటు తొడుక్కున్న మనిషి, బొమ్మ ఇళ్ళ మీద అడుగులేస్తుంటే నాకు నవ్వొచ్చింది" అన్నావు. బాగుంది. వెంటనే ఎవరో తిడతారన్న భయంతో "అయినా ఆ రోజుల్లో అది గొప్ప ప్రయోగమే" అని సర్దేశావు. ఆ రెండో వాక్యం కొట్టెయ్. మొదటిది ఉంచు. మిగతా తొమ్మిది సినిమాలూ పక్కన పెట్టి, వ్యాసం అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ఎలాగంటావా? ముందు ఆ సినిమా ఇంకోసారి చూడు. 1954 నాటి జపాన్ సినిమా, ఇషిరో హోండా తీసింది. రెండేళ్ళ తర్వాత అమెరికా వాళ్ళు రేమండ్ బర్ అనే నటుణ్ణి విలేకరిగా పెట్టి, కొత్త సీన్లు అతికించి, పాతవి కోసి వదిలిన కాపీ కాదు. నువ్వు చూసింది ఏదో వ్యాసంలో లేదు. నాకు అనుమానం, అమెరికా కాపీయే చూశావని. ఎందుకంటే జపాన్ సినిమాలో లోకల్ రైలు సీను ఒకటుంది, అది చూసినవాళ్ళెవరూ దాని ఊసెత్తకుండా ఉండలేరు. ఆఫీసుకి పోయే వాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటారు. ఒకమ్మాయి విసుగ్గా అంటుంది: అణుధూళి పట్టిన ట్యూనా చేపలన్నారు, రేడియోధార్మిక వాన అన్నారు, ఇప్పుడేమో గాడ్జిల్లా అంటున్నారు, నాగసాకిలో చావు తప్పించుకుని వస్తే మళ్ళీ ఇదా అని. పక్కనున్న మగవాళ్ళు మళ్ళీ ఎక్కడికో పారిపోవాలా అని నిట్టూరుస్తారు. అంతే, సీను అయిపోయింది. ఏడుపు లేదు, వెనక వయొలిన్లు లేవు. కరెంటు కోత గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు.

ఆ ట్యూనా చేపల మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకో. 1954 మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసింది. అనుకున్నదాని కంటే చాలా పెద్దగా పేలింది. ప్రమాదం లేదనుకున్న దూరంలో 23 మందితో చేపలు పడుతున్న జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. ఆ పడవ పేరు తెలుగులో చెప్పాలంటే అదృష్ట నాగం అనాలి. దాని రేడియో ఆపరేటరు ఆ సెప్టెంబరులో చనిపోయాడు. సినిమా నవంబరు 3న విడుదలైంది. ఇంకా దినం ఖర్చుల అప్పు తీరని ఇంట్లో కూర్చుని కథ చెబుతున్నట్టే కదా! సినిమా మొదలవడమే ఒక పడవ మీద. నావికులు పని లేక కూర్చుని ఉంటారు, సముద్రంలో ఒక్కసారి కళ్ళు జిగేలుమనే వెలుగు. ఆ థియేటర్లో కూర్చున్న వాళ్ళకి అది ఏ పడవో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక నీకు నవ్వు తెప్పించిన సూటు. స్పెషల్ ఎఫెక్ట్స్ చూసుకున్న ఎయిజీ త్సుబురాయాకి అసలు ఇష్టం కింగ్‌కాంగ్ పద్ధతి. బొమ్మని కొంచెం కొంచెంగా కదుపుతూ ఒక్కో ఫ్రేమూ తీసే పద్ధతి. టైమూ లేదు, డబ్బూ లేదు. అందుకని మనిషికి సూటు తొడిగారు. లోపలున్న హరువో నకజిమాకి ఆ బరువుతో, ఆ లైట్ల వేడిలో నాలుగడుగులు వేయడమే గగనం. నువ్వు గమనించిన ఆ ఈడ్చుకుంటూ నడిచే నడక ఉంది చూశావూ, అది అభినయం కంటే అవస్థ ఎక్కువ. నాకైతే ఆ సంగతి తెలిశాక సూటు మీద నవ్వు పోలేదు గానీ ఆ నడక మీద పోయింది. దాని అరుపు కూడా గొంతులోంచి వచ్చింది కాదు. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే పెద్ద వయొలిన్ లాంటి డబుల్ బేస్ తీగ వదులు చేసి, జిగురు పూసిన తోలు గ్లవ్‌తో దాన్ని రుద్ది, రికార్డు చేసిన ఆ శబ్దం వేగం తగ్గించాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. జంతువు అరిచినట్టు ఉండదు, తలుపు ఒరుసుకున్నట్టు ఉంటుంది.

ఇదంతా వికీపీడియా సరుకులా వ్యాసంలో కుమ్మరించమని కాదు నేననేది. నువ్వెక్కడ నవ్వావో రాశావు, ఎక్కడ నవ్వు ఆగిందో కూడా రాయాలి. నాకు ఆగింది ఆసుపత్రి సీన్లో. ఒక చిన్నపిల్ల దగ్గర రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ పెడతారు. అది టకటకమంటుంది. పెట్టినాయన ఏమీ అనడు, పక్కనున్న అమ్మాయి వైపు చూసి తల అడ్డంగా ఊపుతాడు. నీకు అక్కడే ఆగాలని రూలేం లేదు. అసలు ఆగకపోతే అదే రాయి, దాచకు.

నువ్వు పొగడ్తల వెనక దాక్కోవడం నాకెందుకు కనబడిందంటే, నేనూ అక్కడ దాక్కున్నవాణ్ణే. ఇరవై మూడో ఏట ఒక ఫిల్మ్ సొసైటీలో కుబ్రిక్ తీసిన "2001: ఎ స్పేస్ ఒడిస్సీ" చూశాను. చూశాను అని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను గానీ, నిజానికి సగం నిద్రపోయాను. మొదటి మాట వినబడటానికే ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది, దానికి తోడు నేను ఆ రోజు రాత్రి బస్సు దిగి నేరుగా వచ్చాను. మర్నాడు ఒక పత్రికకి వ్యాసం ఇవ్వాలి. ఆఖరి ఘట్టం మీద ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివిన నాలుగు మాటలు ఎత్తిపెట్టి, "విశ్వచైతన్యం", "అనిర్వచనీయం" కలిపి మూడు పేజీలు నింపాను. అచ్చయింది. పదిహేను రోజులకి ఒక పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, కంప్యూటరు చచ్చిపోతూ పాడిన పాట గురించి ఒక్క ముక్కా రాయలేదేం? అప్పటికి లేచి వెళ్ళిపోయారా?" సంతకం లేదు. ఆ కార్డు చాలాకాలం దాచుకున్నాను. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది.

తర్వాత ఆ సీను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అంతరిక్ష ఓడని నడిపే హాల్ అనే కంప్యూటరు లోంచి వ్యోమగామి డేవ్ ఒక్కో పలకా బయటికి లాగుతుంటాడు, సూటు లోపల అతని ఊపిరి చప్పుడూ దాని గొంతూ తప్ప ఇంకేమీ వినబడవు. హాల్ మొదట బతిమాలుతుంది, తర్వాత భయంగా ఉందంటుంది, ఆఖరికి చిన్నప్పుడు నేర్చుకున్న పాట పాడుతుంది. డైసీ బెల్. గొంతు సాగిపోయి బొంగురుబోయి ఆగిపోతుంది. ఆ పాట ఊరికే ఎంచలేదు. 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఐబీఎం కంప్యూటరు చేత పాడించింది ఆ పాటే, కుబ్రిక్‌తో కలిసి ఈ సినిమా రాసిన ఆర్థర్ క్లార్క్ అక్కడికి వెళ్ళినప్పుడు విన్నాడు. దీనికి కొంచెం ముందే ఓడలో మంచుపెట్టెల్లాంటి వాటిలో నిద్రపోతున్న ముగ్గురు శాస్త్రవేత్తలు చనిపోతారు. వాళ్ళ చావు తెర మీద గీతలు తిన్నగా అయిపోవడం, కొన్ని అక్షరాలు వెలగడం, అంతే. మనుషులు చస్తే అక్షరాలు, మెషీను చస్తే పాట. ఆ కార్డు రాసినాయన ఇది పసిగట్టాడు. వ్యాసం అచ్చు వేసుకున్న నేను పసిగట్టలేదు.

కానీ ఆ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సీను అది కాదు. అంతరిక్ష కేంద్రంలో డాక్టర్ ఫ్లాయిడ్ బొమ్మ కనిపించే ఫోన్‌లో ఇంటికి ఫోన్ చేస్తాడు. భార్య ఇంట్లో ఉండదు, చిన్న కూతురు ఎత్తుతుంది. రేపు నీ పుట్టినరోజుకి రాలేనమ్మా, ఏం కావాలి అంటాడు. ఆ పిల్ల కుర్చీలో కుదురుగా ఉండదు, అటూ ఇటూ మెలికలు తిరుగుతూ అడవిలో తిరిగే ఏదో చిన్న జంతువు కావాలంటుంది. ఫోన్ పెట్టేశాక తెర మీద బిల్లు పడుతుంది. ఒక డాలరు డెబ్బై సెంట్లు. 1968లో వీడియో కాల్ ఊహించారని అందరూ మెచ్చుకుంటారు. నన్ను పట్టుకున్నది ఆ బిల్లు. మా ఊరి ఎస్‌టీడీ బూత్‌లో ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే గల్ఫ్‌లో ఉన్న వాళ్ళతో మాట్లాడే ఆడవాళ్ళని చూసినవాణ్ణి. సగం మాటలు అంకెల వైపు చూస్తూనే అయిపోయేవి. ఇది కుబ్రిక్ అనుకుని పెట్టాడా లేదా నాకు అనవసరం. నేను ఆ ఊళ్ళో పుట్టాను కాబట్టి నాకు కనబడింది. నీకు ఇంకేదో కనబడి ఉంటుంది, నీ వ్యాసంలో నేను వెతికింది దాని కోసమే.

అందరూ గొప్పదన్నదాన్ని బాగాలేదనడానికి జంకుతున్నావని కూడా అనిపించింది. 2001ని అమెరికా విమర్శకురాలు పాలిన్ కేల్ ఊహాశక్తి లేని సినిమా అని రాసి పారేసింది. మెట్రోపోలిస్‌ని నవలాకారుడు హెచ్.జి. వెల్స్ తెలివితక్కువ సినిమా అని చీల్చి చెండాడాడు. సొలారిస్ నవల రాసిన లెమ్‌కి తార్కోవ్‌స్కీ తీసిన సినిమా ససేమిరా నచ్చలేదు. వీళ్ళు ముగ్గురూ తప్పే అనుకుందాం. అయినా ఆ మాటలు ఇవాళ్టికీ చదువుతున్నాం. వాళ్ళు సినిమా చూసి, ఏది నచ్చలేదో వేలు పెట్టి చూపించారు మరి. సొలారిస్‌లో టోక్యో రోడ్ల మీద కారు అలా పోతూనే ఉంటుందే, అక్కడ నువ్వు ఫోను తీసి చూసుకున్నావని నాకు గట్టి నమ్మకం. చూసుకుంటే చూసుకున్నానని రాయి.

ఒక చిన్న జాగ్రత్త. ఏ ప్రింటు చూశావో రాసుకో. మెట్రోపోలిస్ కథ గజిబిజిగా ఉందన్నావు. 1927లో విడుదలయ్యాక దాన్ని కోసి పారేశారు. 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లోని ఒక మ్యూజియంలో దాదాపు పూర్తి కాపీ దొరికింది, గీతలు పడి వానలో తడిసినట్టున్నది. అప్పటిదాకా గజిబిజి సినిమాది కాదు, కత్తెరది. బ్లేడ్ రన్నర్ కూడా అంతే. 1982 నాటి దాంట్లో హీరో గొంతు వెనక నుంచి కథ చెబుతుంది, తర్వాతి వెర్షన్లలో అది తీసేశారు. ఆ గొంతు నచ్చలేదని నువ్వు, అసలు అలాంటి గొంతే లేదని ఇంకొకడు, పోట్లాడుకుంటూ కూర్చుంటారు.

ఆఖరున ఆదిత్య 369. పదో స్థానంలో పెట్టి "తెలుగువాళ్ళకి గర్వకారణం" అని ఒక్క వాక్యంతో వదిలేశావు. మొహమాటానికి పెళ్ళిభోజనానికి పిలిచినట్టుంది. నీకు నచ్చిందా లేదా? నా మట్టుకు నాకు, 1991లో చూసినప్పుడూ ఇప్పుడూ, కృష్ణదేవరాయల కొలువు ఉన్నంత నిండుగా 2504 నాటి లోకం లేదు. దాని దర్శకుడు సింగీతం గారు కె.వి. రెడ్డి దగ్గర మాయాబజార్‌కి పనిచేసిన మనిషి. రాజుల కొలువు నిలబెట్టడం మన స్టూడియోల వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. భవిష్యత్తుకి మాత్రం అలాంటి పాత అలవాటు ఏదీ లేదు, సెట్టు వేసే వడ్రంగి కొత్తగా ఊహించుకోవాల్సిందే. ఇంకొకటి గమనించావా, ఆ భవిష్యత్తులో మనుషులు నేల మీద లేరు, రేడియేషన్‌కి భయపడి భూమి లోపల బతుకుతుంటారు. గాడ్జిల్లా రైల్లో అమ్మాయి విసుక్కున్నది దేని గురించో, మన సినిమాలోనూ ఉన్నది అదే. నవ్వుకుంటూ చూసేశాం.

మీ నాన్నని అడుగు, ఆ సినిమా ఏ థియేటర్లో చూశాడో, ఎవరితో వెళ్ళాడో, టైమ్ మెషీన్ తిరుగుతుంటే హాల్లో ఏమైందో. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకో, అందంగా దిద్దకు. అది వేరే వ్యాసం అవుతుంది, దాని సంగతి తర్వాత.

ముందు గాడ్జిల్లా. మూడు పేజీలైనా ఫర్వాలేదు. "దృశ్యకావ్యం" కనబడితే వెనక్కి పంపిస్తాను. మీ అమ్మగారు పంపిన మాగాయ అందిందని చెప్పు, ఈసారి కారం కొంచెం ఎక్కువైందని కూడా చెప్పు.

మీ మాస్టారు