కాలిన అడవిలో జంతువుల ఫోటోలు తీసి యాప్‌లో పెడితే ఉపయోగం ఉంటుందా?

ఉంటుందండీ. కాకపోతే మీ ప్రశ్నలో, కాలేజీ పిల్లలతో ఫోటోలు తీయించి "కాలిన నెలకే జంతువులన్నీ తిరిగొచ్చాయని చూపించాలి" అని రాశారు చూడండి, నాకు అక్కడే తేడా కొట్టింది.

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా ఉండాలని, బీడీలకు వాడే తునికాకు చిగురు బాగా రావాలని ఎండాకాలంలో చెట్ల కింద ఆకులకు నిప్పు పెడతారు, గాలి తిరిగిందంటే అది అడవంతా పాకుతుంది. చాలావరకు నేల మీది మంటే, పెద్ద టేకు చెట్లు బతికే ఉంటాయి. కానీ గడ్డి, పొదలు పోయాక చూపు చాలా దూరం ఆనుతుంది, నిన్నటిదాకా పొదలో నక్కిన కుందేలు, కౌజుపిట్ట ఇవాళ ఎదురుగా కనబడతాయి. పాలపిట్టలు, పసులపోలిగాళ్లయితే మంట ఆరకముందే దిగుతాయి, పారిపోయే పురుగుల కోసం. ఎక్కువ కనబడ్డాయి అంటే ఎక్కువ ఉన్నాయని కాదు.

అందుకే కాలిన చోటు ఒకటి, అలాంటి అడవిలోనే కాలని చోటు ఒకటి పెట్టుకుని, రెండు చోట్లా ఒకే వేళకు, ఒకే అంతసేపు చూడండి. ఏమీ కనబడకపోతే అదీ రాయండి. పక్షులకైతే, చూసిన పక్షుల జాబితా ఎక్కించే ఈబర్డ్ యాప్ మంచిది, ఎంతసేపు చూశారు, గుర్తుపట్టినవన్నీ రాశారా అని అడుగుతుంది. ఏ జీవి, మొక్క ఫోటో అయినా పెట్టే ఐనాచురలిస్ట్ యాప్‌లో కనబడనిదానికి చోటు లేదు గానీ, పాదముద్ర, పెంట, కుబుసం, మోడు మీద చిగురు దాకా ఏదైనా ఎక్కించొచ్చు. 2019-20 కార్చిచ్చుల తర్వాత ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ వాళ్లు అందులోనే ప్రాజెక్టు పెట్టి, కాలిన చోట్ల ఏం మొలిచిందో, ఏం తిరుగుతోందో జనం చేతే ఫోటోలు పెట్టించారు.

ఎప్పుడు కాలిందో, ఉపగ్రహాలు పసిగట్టిన మంటలను చూపే నాసా ఫర్మ్స్ మ్యాప్‌లో చూడొచ్చు. అందులో విర్స్ అనే ఉపగ్రహ పరికరం చూపే చుక్క ఒక్కోటి దాదాపు 375 మీటర్ల గడి, కాబట్టి ఎంతమేర కాలిందో మాత్రం నడిచి చూసుకోవాల్సిందే.

ఇంకోటి, కాలేజీ పిల్లలతో సరిపెట్టకండి. పువ్వు ఏరే ఆడవాళ్లను అడగండి. మా ఊళ్లో ఒక పెద్దమ్మ చెదిరిన మట్టి చూసి రాత్రి ఎలుగు వచ్చిపోయిందని చెప్పేస్తుంది, మా పిల్లలకు ఫోన్లో జూమ్ చేసినా అర్థం కాదు. ఎలుగుకీ ఇప్పపువ్వంటే ప్రాణం కాబట్టి బాగా తెల్లారాకే వెళ్లండి. మీది రాజూరా వైపు అన్నారు, అక్కడ పులి భయం కూడా ఉంది, ఒంటరిగా అసలు వద్దు. ముందు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో చెప్పి అనుమతి తీసుకోండి, లేకపోతే నిప్పు పెట్టింది మీరేనా అనే టెన్షన్ ఒకటి.

అరుదైన జాతుల చోటును ఐనాచురలిస్ట్ తనంతట తానే దాస్తుంది. గూళ్లు, బొరియల ఫోటోలకు మాత్రం 'అబ్‌స్క్యూర్డ్' (అసలు చోటు దాచడం) అని మీరే మార్చుకోండి, ఉచ్చులు వేసేవాళ్ల దగ్గరా ఫోన్లున్నాయి.

వానలు పడేదాకా ఆగకండి. బూడిద మీద అడుగులు అచ్చుగుద్దినట్టు పడతాయి, పక్కన స్కేలో అగ్గిపెట్టో పెట్టి ఫోటో తీయండి.