భార్య పేరున ఫ్లాటు, భర్త లెక్కలో అద్దె

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగం చేస్తున్నాను, 30 శాతం స్లాబులో ఉన్నాను. విజయవాడ కానూరులో 60 లక్షలకు ఫ్లాటు చూశాం. నా దగ్గర 45 లక్షలున్నాయి. పసుపు కుంకుమ కింద మామగారు ఇచ్చిన పొలం అమ్మగా వచ్చిన 15 లక్షలు మా ఆవిడ ఖాతాలో ఉన్నాయి. ఆమెకు వేరే ఆదాయం లేదు. ఫ్లాటు ఆమె పేరున కొంటే నెలకు వచ్చే 18 వేల అద్దెకు పన్ను తప్పుతుందా? రిజిస్ట్రేషన్‌లో తగ్గింపు ఉంటుందా?

జవాబు: ముందు రెండోది. తగ్గింపు లేదు. ఢిల్లీలో ఆడవాళ్ల పేరున స్టాంపు డ్యూటీ తక్కువ. మన దగ్గర ఎవరి పేరైనా స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. 60 లక్షలకు నాలుగున్నర లక్షలవుతుంది.

ఇక అద్దె. మీరు ఆమెకు 45 లక్షలు ఇస్తే బహుమతి పన్నేమీ పడదు, పరిమితి కూడా లేదు. కానీ ఆ డబ్బుతో కొన్న ఆస్తిపై వచ్చే ఆదాయం మీ ఆదాయంలోనే కలుస్తుంది. దీన్నే క్లబ్బింగ్ అంటారు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది 64వ సెక్షన్. 2025 చట్టంలో నంబరు మారినా సూత్రం అదే.

లెక్క చూడండి. అద్దె ఏడాదికి 2,16,000. ఇంటి పన్ను 6,000 కట్టారనుకుంటే 2,10,000. అందులో 30 శాతం చట్టమే మినహాయిస్తుంది, మిగిలేది 1,47,000. నాలుగింట మూడొంతుల డబ్బు మీది కాబట్టి 1,10,250 మీ ఆదాయంలో కలుస్తుంది. సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున దాదాపు 34,400 కట్టాలి. మిగతా 36,750 ఆమెది, దానికి పన్ను రాదు. మొత్తం డబ్బు మీదే అయితే దాదాపు 45,900 కట్టేవారు. అంటే మిగిలిన 11 వేల చిల్లర ఆమె పెట్టిన 15 లక్షల పుణ్యమే, డాక్యుమెంటులో పేరు ఎవరిదైనా సరే.

‘భార్యకు అప్పుగా ఇచ్చినట్టు రాసుకోండి, క్లబ్బింగ్ ఉండదు’ అని చెప్పేవాళ్లు ఉంటారు. నిజమైన అప్పయితే వడ్డీ కూడా నిజంగానే తీసుకోవాలి. 45 లక్షలకు 8 శాతం చొప్పున 3,60,000 వడ్డీ మీ ఆదాయమవుతుంది. దానిపై లక్షా 12 వేల పైన పన్ను! అద్దె మీద పన్ను తప్పించుకోబోయి మూడింతలు కట్టడమే.

నిజంగా దక్కే వెసులుబాటు ఒకటుంది. మీ లెక్కలో పన్ను కట్టేసిన ఆ అద్దెను ఆమె తన పేరున ఎఫ్‌డీ వేసుకుంటే, ఆ వడ్డీ ఆమెదే. అది మళ్లీ మీకు కలవదు. అయిదారేళ్లలో ఇది చెప్పుకోదగ్గ మొత్తమవుతుంది. ఫ్లాటు అమ్మిన రోజున లాభం మాత్రం పాత నిష్పత్తిలోనే మీకు కలుస్తుంది.

చాలామంది తడబడేది కాగితాల దగ్గర. ఇంత పెద్ద మొత్తాల రిజిస్ట్రేషన్ల వివరాలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆదాయపు పన్ను శాఖకు వెళ్తాయి. ఎన్నడూ రిటర్ను వేయని ఆమెకు ‘ఈ 60 లక్షలు ఎక్కడివి’ అని నోటీసు రావచ్చు. అందుకే 45 లక్షలు ముందు మీ ఖాతా నుంచి ఆమె ఖాతాకు పంపండి, బహుమతి అని ఒక కాగితం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. అమ్మేవారికి ఆమె ఖాతా నుంచే చెల్లించాలి. పొలం అమ్మిన డాక్యుమెంటు నకలు, ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంటు దాచండి. భార్య పేరున కొనడం బినామీ కాదు, కాకపోతే డబ్బు లెక్క చూపగలిగినదై ఉండాలి. కొంత నగదుగా ఇద్దామంటే ఈ రక్షణ పోతుంది.

ధర 50 లక్షలకు తగ్గదు కనుక 1 శాతం, అంటే 60 వేలు, అమ్మేవారి సొమ్ములోంచి కోసి టీడీఎస్‌గా (ముందే కోసి కట్టే పన్ను) ప్రభుత్వానికి కట్టాలి. కొనేది ఆమె కాబట్టి ఆమె పాన్‌తో, కోసిన నెల ముగిశాక 30 రోజుల్లోపు. ఆమె పాన్ ఆధార్‌తో కలిసి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

నన్నడిగితే ఇద్దరి పేర్లా కొనండి. ఆమెకు నాలుగో వంతు, మీకు మూడొంతులు అని డాక్యుమెంటులో రాయించండి; రాయకపోతే సగం సగం అనుకునే అవకాశం ఉంది. అప్పుడు టీడీఎస్ ఎవరి వాటాకు వారు విడిగా కట్టాలి. ఆమెకు భద్రత కోసం పూర్తిగా ఆమె పేరునే ఉంచాలనుకుంటే అదీ మంచిదే, అయితే ఆమె చేత వీలునామా రాయించండి. అది లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమె తర్వాత ఆ ఫ్లాటు మీకు, పిల్లలకు సమాన వాటాలుగా వస్తుంది, మీరు పెట్టిన డబ్బుతో నిమిత్తం లేకుండా.