కొబ్బరిచెట్టు ఎత్తు, గోదావరి వంతెన వంపు

కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ పాఠకుల ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిస్తారు. ఈసారి ఉత్తరాలన్నీ ఇంటర్నెట్‌లో లెక్కలు నేర్చుకోవడం గురించే.

టీచర్ గారూ, నేను పదో తరగతి. సైన్, కాస్, టాన్ పట్టిక నోటికొచ్చు. ఎత్తులూ దూరాల లెక్క ఇస్తే మాత్రం బొమ్మ గీయడం కూడా రావట్లేదు. వీడియోలు చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, పరీక్షలో చేయి ఆడదు. ఏ వెబ్‌సైటు చూడమంటారు? – విద్యార్థి, కొత్తపేట

నాన్నా, వీడియోలో లెక్క చేస్తున్నది అందులోని మాస్టారు. నీ చేయి అప్పుడు ఖాళీగానే ఉంది, పరీక్షలో మాత్రం ఎలా ఆడుతుంది? ఇంకో వీడియో వెతక్కు. జియోజీబ్రా అని లెక్కల బొమ్మలు గీసే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫోన్లో వేసుకో. మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన ఆస్ట్రియాలో చదువుకుంటూ 2001లో మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రపంచమంతా బళ్లలో వాడుతున్నారు.

అందులో ఒక లంబకోణ త్రిభుజం గీయి. భూమి 15 ఉంచు. అది నువ్వు నిలబడ్డ చోటు నుంచి కొబ్బరిచెట్టు మొదలుకి ఉన్న దూరం అనుకో. ఊర్ధ్వకోణానికి, అంటే చెట్టు కొస చూడ్డానికి చూపు పైకెత్తే కోణానికి, స్లైడర్ (జరిపితే విలువ మారే మీట) పెట్టు. కోణం 30 డిగ్రీలైతే ఎత్తు 15ని √3తో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు 8.66 మీటర్లు. ఇక్కడ ఆగు. కోణాన్ని 60 చేస్తే ఎత్తు ఎంతవుతుంది? స్లైడర్ ముట్టుకోకుండా ముందు నోటుబుక్కులో రాయి. నా క్లాసులో ఈ ప్రశ్న ఎప్పుడు అడిగినా సగం మందికి పైగా ‘రెట్టింపు’ అనేవాళ్లు. ఇప్పుడు స్లైడర్ జరుపు. 25.98 వస్తుంది. రెట్టింపు కాదు, మూడు రెట్లు! పట్టికలో నువ్వు బట్టీపట్టిన 1/√3, √3 రెండూ ఈ మూడు రెట్లనే చెబుతున్నాయి. ఇది కంటితో చూశాక మళ్లీ మర్చిపోవు.

తర్వాత ఫోన్ జేబులో పెట్టి పెరట్లోకి వెళ్లు. కోణమాని తిన్నటి అంచుకి ఒక స్ట్రా అంటించు, మధ్య బిందువు దగ్గర దారం కట్టి చివర చిన్న నట్టు వేలాడదీయి. స్ట్రాలోంచి చెట్టు మొవ్వు చూస్తుంటే దారం 90 గీత నుంచి ఎన్ని డిగ్రీలు జరిగిందో అదే ఊర్ధ్వకోణం. వచ్చిన ఎత్తుకి నేల నుంచి నీ కంటి ఎత్తు కలపడం మర్చిపోకు. కాయలున్న చెట్టయితే దూరంగానే నిలబడు. కొలిచింది కాగితం మీద గీస్తావు కదా, పరీక్షలో నీకు రానంటున్న బొమ్మ అదే.

నమస్తే టీచర్ గారూ. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కని ఫొటో తీస్తే ఫోన్ మెట్లతో సహా జవాబు చెప్పేస్తోంది. హోంవర్క్ అంతా రైటే. నేను ఏడో తరగతితో ఆపేశాను. దానికి వచ్చో రాదో నేను ఎలా తెలుసుకోవాలి? – ఒక తల్లి, మలికిపురం

అమ్మా, మీరడిగింది చాలామంది తల్లుల తరఫున అడిగినట్టే. ఫోటోమ్యాథ్ లాంటి యాప్‌లు వాడొద్దని నేను చెప్పను. సొంతంగా చేసి ఎక్కడో ఇరుక్కున్న పిల్లకి ఆ మెట్లు నిజంగా పనికొస్తాయి. చేయకముందే చూస్తే మటుకు నేర్చుకోవాల్సిన పని కాస్తా ఫోన్ చేసేస్తుంది.

మీకు లెక్క తెలియక్కర్లేదు. హోంవర్క్‌లో ఒక లెక్క తీసుకుని ఒక గుర్తు మార్చండి. ఉదాహరణకి x² − 5x + 6 = 0 అని ఉందనుకోండి. దానికి 2, 3 జవాబులు. చివర ప్లస్ 6ని మైనస్ 6 చేసి, ఫోన్ మీ దగ్గర పెట్టుకుని, ‘ఇది చేసి చూపించమ్మా’ అనండి. అర్థమైన పిల్ల కాసేపు తంటాలు పడైనా 6, −1 తెస్తుంది. కాపీ కొట్టిన పిల్ల మళ్లీ 2, 3 దగ్గరే తిరుగుతుంది. చేశాక అదే యాప్‌తో మీరే సరిచూడండి. ఒకవేళ మార్చిన లెక్కకి జవాబు లేదని యాప్ చెబితే, ఎందుకు లేదో అమ్మాయినే వివరించమనండి, అదీ మంచి పాఠమే. రాకపోతే తిట్టకండి. ఏ మెట్టు దగ్గర ఆగిందో అడగండి, రేపు వాళ్ల మాస్టారిని అడగాల్సింది అదేనని చెప్పండి.

మేడం గారూ, నేను స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్. మా క్లాసులో ఐఎఫ్‌పి ప్యానెల్ (ముట్టుకుంటే పనిచేసే పెద్ద తెర) ఉంది, దాని మీద వీడియోలు వేయడమే అవుతోంది. సిలబస్ ఒత్తిడిలో ఇంకేం చేయగలం? – ఒక ఉపాధ్యాయుడు, ఆచంట మండలం

మాస్టారూ, పదో తరగతి వర్గ బహుపదుల పాఠానికి ఒక్క పీరియడ్ ఇవ్వండి. రాజమండ్రి–కొవ్వూరు మధ్య 1997లో వాడుకలోకి వచ్చిన ఆర్చి రైలు వంతెన మన పిల్లలందరికీ తెలుసు. ఒక్కొక్కటి దాదాపు 97.5 మీటర్ల చొప్పున 28 ఆర్చీలు. ఒక ఆర్చికి సరిగ్గా ఎదురుగా ఉండి తీసిన ఫొటో కావాలి. గట్టు మీద నుంచి ఏటవాలుగా తీస్తే వంపు మారిపోతుంది. ఫొటోని ప్యానెల్ మీద జియోజీబ్రాలో పెట్టి, ఆర్చి రెండు కాళ్లూ −5, 5 దగ్గర పడేలా సర్దండి. y = a(x² − 25) రాసి, a కి స్లైడర్ పెట్టండి. జరిపేముందు పిల్లల్ని అడగండి: a ధనమా, రుణమా? ఆర్చి మధ్యలో ఎత్తు 2 గళ్లయితే a ఎంత? పుస్తకాల్లో −0.08 రాసుకున్నాకే మీరు స్లైడర్ ముట్టుకోవాలి.

గీత ఆర్చి మీద కూర్చోగానే పిల్లలు చప్పట్లు కొడతారు. అక్కడితో వదిలేయకండి, అసలు లెక్క అప్పుడే మొదలవుతుంది. రెండు కాళ్లూ, ఒక శిఖరమూ, మూడు బిందువులేగా కలిసింది? ఆ మూడింటి గుండా వృత్తం కూడా పోతుంది. మూడు బిందువుల వృత్తానికి జియోజీబ్రాలోనే పనిముట్టు ఉంది. రెండూ గీసి, మధ్యలో ఏది ఫొటోకి దగ్గరగా ఉందో వాళ్లనే తేల్చమనండి. క్లాసు రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంటే ఆ పీరియడ్ వృథా కాలేదన్నమాట.

మీ కోసం చదువుకోవడానికి ‘ఎట్ రైట్ యాంగిల్స్’ పత్రిక చూడండి. మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో ఉన్న కమ్యూనిటీ మ్యాథమెటిక్స్ సెంటర్, అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కలిసి 2012లో ప్రారంభించారు. ఇంగ్లీషులో ఉంటుంది, ఉచితంగా దింపుకోవచ్చు. ఇంత మంచి పత్రిక మన స్టాఫ్‌రూముల్లో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సిలబస్ ఒత్తిడి అన్నారు కాబట్టి, పది నిమిషాల్లో సరిపోయేవి కావాలంటే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్ల లెక్కల వెబ్‌సైటు ఎన్‌రిచ్ ఉంది, 1996 నుంచి నడుస్తోంది. అంకశ్రేఢులు మొదలుపెట్టే రోజు అందులోని ఈ ప్రశ్న ఇవ్వండి: వరస సంఖ్యల మొత్తంగా ఏయే సంఖ్యల్ని రాయొచ్చు? 9 అంటే 4 + 5, ఇంకా 2 + 3 + 4. 15కి మూడు దారులున్నాయి. 8కి ఒక్కటీ దొరకదు. ఎందుకు దొరకదు? వెనక బెంచీ పిల్లలు కూడా కూడిక చేయగలరు కాబట్టి అందరూ దిగుతారు. 16 దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు లేచి నిలబడతారు.

టీచర్ గారూ, మాది లంక గ్రామం. సిగ్నల్ సరిగా అందదు, డేటా కూడా తక్కువే. మాలాంటి వాళ్లకి ఏముంది? – విద్యార్థిని, పి.గన్నవరం మండలం

అమ్మలూ, ఊరు దాటినప్పుడు ఒకసారి దింపుకుంటే చాలు. ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్లో పాఠ్యపుస్తకాలు, ఎగ్జెంప్లర్ లెక్కల పుస్తకం పీడీఎఫ్‌గా ఉచితం. జియోజీబ్రా ఫోన్లో వేసుకున్నాక గీయడానికి నెట్ అవసరం లేదు. ఖాన్ అకాడమీ యాప్‌లో వీడియోలు దాచుకోవచ్చు. ముందు ఎగ్జెంప్లర్ దింపుకో, మిగతావాటికి తొందరేం లేదు. మామూలు అభ్యాసాల కంటే అందులో లెక్కలు కాస్త గట్టివి. రోజుకి రెండు చేసినా మంచిదే. రానివాటికి పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, వాటిలో ఒక్కటి నాకు రాసి పంపు. నువ్వు ఎంతవరకు చేశావో కూడా రాయి.